ఉత్తుత్తి అక్షరాలు

ఒకానొక రాజ్యంలో ప్రచండసేనుడనే రాజు ఉండేవాడు. ఆయనకు కత్తి పట్టడం వచ్చు గాని గంటం పట్టడం రాదు. ఏ పత్రం ముందు పెట్టినా కనుబొమలు ముడివేసి, "ఊఁ, చదివి వినిపించండి" అని దర్జాగా నెట్టుకొచ్చేవాడు.

కూతురు మల్లికాదేవిని దూరదేశానికిచ్చి పెళ్ళి చేశాక మాత్రం ఆయనకు చిక్కొచ్చిపడింది. ఆమె లేఖలు మంత్రి చదవాలి. పరాయివాళ్ళు వింటారని ఆ పిల్ల "అందరం క్షేమం" తప్ప మరో ముక్క రాసేది కాదు.

"ఇక నేనే చదువు నేర్చుకుంటాను!" అన్నాడు రాజు. అనడమే తరువాయి, పండితులు దిగారు. ఏ ముహూర్తాన మొదలుపెట్టాలి? ఏ దిక్కుకు తిరిగి కూర్చోవాలి? గంటం వెండిదా, బంగారుదా? రాజు కూడా వాళ్ళ మధ్య కూర్చుని గడ్డం నిమురుకుంటూ ఆలోచించేవాడు. పద్నాలుగు నెలలు గడిచాయి. ఒక్క అక్షరమైనా రాలేదు.

విదూషకుడు కొండుభొట్లుకు ఆయన్ని చూస్తే జాలేసింది. ఒకనాడు భోజనాలయ్యాక పళ్ళెంలో బియ్యం పోసుకుని వచ్చాడు.

"ప్రభూ, ముహూర్తం నాడు నిండు సభలో తమ చెయ్యి వణికితే ఏం బాగుంటుంది? అందాకా ఇవి ఉత్తుత్తి అక్షరాలు. తప్పుపోతే ఇలా చేత్తో చెరిపేస్తే సరి."

"లెక్కలోకి రావుగా?"

"రానే రావు మహాప్రభో!"

రాజు తలుపు వేయించి బియ్యంలో వేలు పెట్టాడు. రోజూ అదే పని. బోలెడు తప్పులు, బోలెడు చెరపడాలు. ఎలాగూ ఉత్తుత్తివే గనక ఆయన సిగ్గుపడలేదు.

ఆరునెలలకు లేఖ వచ్చింది. కొండుభొట్లు దాన్ని తిన్నగా రాజు చేతిలో పెట్టాడు.

"మంత్రిగారు చర్చలో ఉన్నారు ప్రభూ. ఈలోగా ఊరికే చూస్తూ ఉండండి."

రాజు పెదవులు మెల్లగా కదిలాయి. "నాన్నగారూ... ఇకమీదట మీరే చదువుతారని కొండుభొట్లుగారు కబురు పంపారు. అయితే నిజం రాస్తాను. మీ మీద బెంగగా ఉంది. ఒకసారి రారూ?"

రాజు కళ్ళు తుడుచుకున్నాడు. అంతలోనే ఉలిక్కిపడ్డాడు.

"ఓరి కొండుభొట్లూ! ముహూర్తం లేకుండా నాకు చదువు అంటగట్టావా!"

"తప్పయిపోయింది ప్రభూ! వెంటనే మరిచిపోండి. పండితులు తేల్చాక మళ్ళీ నేర్చుకుందురుగాని."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. తన శాలువా తీసి అతనికి కప్పి, మాగాణి ఇస్తున్నట్టు పట్టా తానే వంకరటింకరగా రాసిచ్చాడు. ఆ పైన కూతురికి "వస్తున్నా తల్లీ" అని జవాబు రాయడానికి చతికిలబడ్డాడు. ఏ దిక్కుకు తిరిగి కూర్చున్నాడో చూసుకోనే లేదు.