వేలు చూపి టేక్ అన్న జమీందారు

బొడ్డవలస జమీందారుకు వచ్చిన ఇంగ్లీషు ఒక్కటే మాట, టేక్. నచ్చినదాని మీదికి వేలు చూపి "టేక్" అనేవాడు. బంట్లు దాన్ని కోటకు పట్టుకుపోయేవారు. అలా ఊరి కోళ్ళు పదిహేడూ, కుమ్మరి సన్యాసమ్మ పాడిమేకా కోట పెరట్లో చేరాయి. ఆమె చంటి మనవరాలికి పాలు లేకుండా పోయాయి.

ఒకరోజు కలెక్టరు దొర కోటకు వచ్చాడు. సన్యాసమ్మ ఆ మాటకు అర్థమేమిటో దొర వంటవాడిని అడిగి తెలుసుకుని, జమీందారు దొరకు పెరడు చూపిస్తుండగా ఊరివాళ్ళను వెంటేసుకుని అక్కడికి వెళ్ళింది.

"బాబుగారూ, మొన్న నా మేకను చూసి ఇంగ్లీషు మాట్లాడారంటే వీళ్ళెవరూ నమ్మడం లేదు. దొరగారి ముందు ఒక్కసారి అనండి."

జమీందారు మీసం దువ్వి, మేకకేసి వేలు చూపి, "టేక్" అన్నాడు.

సన్యాసమ్మ పలుపు విప్పేసింది.

"ఏయ్, ఏమిటది?"

"తీసుకోమన్నారుగా బాబూ, తీసుకున్నాను."

"నిజమే, టేక్ అంటే తీసుకోమనే," అన్నాడు కలెక్టరు.

జమీందారు కంగారుపడి, బంట్లకు కోళ్ళను చూపిస్తూ, "టేక్, టేక్" అని అరిచాడు. బంట్లు కదిలేలోపే ఊరివాళ్ళు తలో కోడిని చంకన పెట్టుకున్నారు.

"ఇంతటి దాతను నేనెక్కడా చూడలేదు," అని కలెక్టరు జమీందారు చెయ్యి పట్టుకుని ఊపాడు.

జమీందారు ఊగుతూనే పక్కనున్న దివాను చెవిలో అన్నాడు: "వద్దు అనడానికి ఇంగ్లీషులో ఏమంటారో త్వరగా కనుక్కోవయ్యా."