తేనెపట్టూ నీటి బుడగలూ

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున, ఒక బడి. ఈత నేర్పేది నీటికుక్క మాస్టారు. గూళ్ళు అల్లడం నేర్పేది గిజిగాడు మాస్టారు. తాబేలు మాస్టారిది ఓపిక పాఠం. ఆ క్లాసులో అందరూ నిద్రపోయేవారు.

ఆ బడిలో ఒక అలవాటు. ఈత క్లాసప్పుడు తాబేలు నీళ్ళ అడుగున కూర్చునేది. మునిగే పిల్లని వీపు మీద పైకి తెచ్చేది. గిజిగాడు కొమ్మ మీంచి చూస్తూ, ఏ తల కనబడకపోయినా కీచుమని అరిచేది. ఎవరూ చెప్పలేదు. వాటికే తోచింది.

ఒకరోజు హెడ్మాస్టరు ఎలుగుబంటి ఒక తేనెపట్టు తెచ్చి చెట్టుకు వేలాడగట్టింది.

"మూడు రోజుల్లో ఎవరి పాఠం ఎక్కువమందికి వస్తే, ఇది వాళ్ళకే!" అంది. అని వేళ్ళు నాక్కుంది.

మొదటి రోజు గిజిగాడు కొమ్మ మీదికి రాలేదు. "మరి నా గూళ్ళెవరు అల్లిస్తారు గురూ?" అంది నీటికుక్కతో.

రెండో రోజు తాబేలు నీళ్ళలో దిగలేదు. "పిల్లలు తేలితే తేనె నీకు, వీపు నొప్పి నాకా?" అంది.

"పొండి, పొండి! నేను చాలు," అంది నీటికుక్క.

మూడో రోజు అది పిల్లలందరినీ ఒకేసారి నీళ్ళలోకి తోసింది. తను అవతలి గట్టెక్కి, చేరినవాళ్ళని లెక్కపెట్టింది.

"ఏడు... ఎనిమిది... తేనె నాదే!"

తొమ్మిదోది ముంగిస పిల్ల బుజ్జి. చేరలేదు.

ఇవతల ఎండ కాగుతున్న తాబేలుకు నీటి మీద బుడగలు కనబడ్డాయి. తేనె గుర్తు రాలేదు. దభీమని దూకింది. గిజిగాడి నోట్లోంచి గడ్డిపోచ జారిపోయింది.

బుజ్జి తాబేలు వీపు మీద పైకొచ్చింది. దగ్గింది. ఏడ్చింది.

తల్లి ముంగిస పరుగున వచ్చి ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత ఒక్కటే అడిగింది.

"మాస్టారూ, మీరు ఎటు చూస్తున్నారు?"

నీటికుక్క తల దించుకుంది. "చూడలేదమ్మా. లెక్కపెడుతున్నాను."

"తేనె లేనప్పుడు బాగానే చూసేవారు కదయ్యా?" అంది ఎలుగుబంటి.

"మొదటిసారి తేలినప్పుడు పిల్లలు ఒక నవ్వు నవ్వుతారండి. అది చూద్దామని..." అంది నీటికుక్క.

ఎలుగుబంటి తేనెపట్టు విప్పి బుజ్జి చేతిలో పెట్టింది. ఈసారి వేళ్ళు నాక్కోలేదు.

మర్నాడు తాబేలు నీళ్ళ అడుగున, గిజిగాడు కొమ్మ మీద, నీటికుక్క బుజ్జి పక్కన. బుజ్జి భయంభయంగా కాళ్ళాడించింది. తేలింది. నవ్వింది.

గట్టు మీంచి వాళ్ళమ్మ అప్పటికే ఒక కాలు నీళ్ళలో పెట్టేసింది. అయినా నవ్వింది.

నీతి: బహుమానం కోసం నేర్పితే కళ్ళు బహుమానం మీద ఉంటాయి; ఇష్టంతో నేర్పితే పిల్లల మీద ఉంటాయి.