చిల్లు రేకుకి జిరాక్సు

పిల్లలూ, సన్యాసిరావు ఇంటివాళ్ళ కథ మీరు వినలేదు. అది మీ తప్పు కాదు. భిలాయిలో పుట్టినవాళ్ళకి బొబ్బిలి వైపు కబుర్లు ఎవరు చెబుతారు? ఇవాళ నేను చెబుతాను. ముందు నోట్లో ఉన్నది మింగేయండి. ఎక్కడ నవ్వొస్తుందో తెలీదు, పొలమారితే నాకు కంగారు.

బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో సన్యాసిరావు అనే ఆయన ఉండేవాడు. చక్కెర మిల్లులో గుమస్తా. భార్య గౌరి, తమ్ముడు అప్పలస్వామి, తల్లి నూకాలమ్మ. ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేస్తారు, ఒక్క అక్షరం పొల్లుపోనివ్వరు. తెలివంటే అదేనని వాళ్ళ నమ్మకం. ఒకరోజు నూకాలమ్మ కోడలితో, "పాలు పొంగేదాకా చూస్తూ ఉండు" అంది. గౌరి కళ్ళార్పకుండా చూసింది. పాలు పొంగి పొయ్యంతా పారాక వచ్చి, "పొంగాయత్తా, మొత్తం చూశాను" అంది. ఇంకేముంది, నా కోడలికున్న బుద్ధి జిల్లాలో ఎవరికీ లేదని ముసలమ్మ వీధంతా చెప్పుకొచ్చింది.

అంత తెలివైన ఇంటికి ఒకటే లోటు. పైకప్పు రేకుకి చిల్లు పడింది, అదీ సరిగ్గా నూకాలమ్మ మంచం మీద. వానొస్తే పాపం ఆవిడ ఒళ్ళో సత్తుగిన్నె పెట్టుకుని కూర్చునేది. కొత్త రేకులు వేయించడానికి చేతిలో డబ్బు ఆడదు. వానాకాలం ముంచుకొస్తోంది.

అప్పుడు మిల్లులో పెద్ద గుమస్తా సన్యాసిరావుని పిలిచి, "నీ జీతంలోంచి పన్ను ఎక్కువే పట్టేశారయ్యా. ఇంటి అప్పుకి వడ్డీ కడుతున్నావు, అమ్మకి వైద్య బీమా కడుతున్నావు, గోశాలకి విరాళం ఇచ్చావు. వీటికి మినహాయింపు ఉంటుంది. టౌన్లో ఆడిటరమ్మగారి చేత రిటర్ను వేయించుకో. ఎక్కువ పట్టింది వెనక్కొస్తుంది. గడువు నెలాఖరు, దాటనివ్వకు" అన్నాడు.

"అమ్మకి కొత్త రేకులొస్తాయి" అనుకున్నాడు సన్యాసిరావు. ఆ సాయంత్రమే టౌనుకి వెళ్ళాడు.

ఆడిటరు వసుంధరగారు నెమ్మదైన మనిషి. అంతా విని, "మంచిది. ఇంటికి, అమ్మగారికి, గోశాలకి, మూడింటికీ రుజువులు తెండి. రుజువు చూడనిదే నేను ఏదీ రాయను. ఒరిజినలూ జిరాక్సూ రెండూ ఉండాలి. రెండిటికీ తేడా ఉండకూడదు" అంది.

అంతే. ఇంటికొచ్చి నలుగురూ అరుగు మీద సభ పెట్టారు.

"ఇంటికి రుజువేటి?" అన్నాడు అప్పలస్వామి.

"ఇల్లే" అన్నాడు సన్యాసిరావు.

"ఇల్లంతా ట్రాక్టరు ట్రాలీలో పట్టదు కదండీ" అంది గౌరి. "తలుపు పీక్కెళ్దామా?"

"తలుపు ఏ ఇంటికైనా ఉంటుంది. మన చిల్లు రేకు ఇంకెవరికుంది?"

అబ్బ, ఏం తెలివిరా అన్నయ్యా అనుకుంటూ అప్పలస్వామి ఇల్లెక్కి చిల్లు రేకు ఊడదీశాడు. మరి దానికి జిరాక్సో? పక్కన ఉన్న మంచి రేకు కూడా ఊడదీశాడు. చిల్లు రేకు దాని మీద పరిచి, గీత గీసి, మేకుతో సరిగ్గా అంతే చిల్లు పొడిచాడు. అంతవరకూ గిన్నెడు కంత, ఇప్పుడు నూకాలమ్మ మంచం మీద ఆకాశం.

"అమ్మకి రుజువు?"

"నేనే కదరా" అంది నూకాలమ్మ, తల దువ్వుకుంటూ. "జిరాక్సుకి మీ పిన్నిని పిలవండి. మా ఇద్దరిదీ ఒకే ముక్కు."

పక్క వీధిలో ఉండే పిన్ని సింహాద్రమ్మ వచ్చింది. ముక్కు సరిపోయింది. కానీ నూకాలమ్మ గడ్డం మీద పుట్టుమచ్చ ఉంది, ఆవిడకి లేదు. గౌరి కాటుకతో పెట్టింది. నూకాలమ్మకి ముందు పన్ను లేదు, ఆవిడకుంది.

"అది పీకేద్దామా?" అన్నాడు అప్పలస్వామి పట్టకారు తెస్తూ.

"పీకితే నీ నడ్డి విరుగుద్ది. నోరు మూసుక్కూర్చుంటాన్లే" అంది సింహాద్రమ్మ. అలా ఆ పన్ను దక్కింది. మీరు మాత్రం పట్టకారు జోలికి పోకండి.

గోశాలకి రుజువు ఆవు. అక్కడ అడిగి, నుదుటి మీద నల్లమచ్చ ఉన్న ఆవుని తెచ్చారు. జిరాక్సుకి పక్కింటివాళ్ళ తెల్లావుని అడిగి, నుదుటికి బొగ్గు పూశారు. కొందరు ఆవులు కావు, గేదెలంటారు. నేను విన్నది ఆవులే.

అన్నీ ట్రాక్టరు ట్రాలీలో ఎక్కించి బయల్దేరేసరికి గడువు ఆఖరి రోజు వచ్చేసింది. దారిలో చినుకులు పడ్డాయి. రెండో ఆవు మచ్చ కారిపోతుంటే గౌరి బెంగపడింది. "బెంగెందుకు? జిరాక్సు కాస్త మసగ్గానే ఉంటుంది" అన్నాడు మొగుడు.

వసుంధరగారు మేడ దిగొచ్చి వీధిలో నిలబడింది. ట్రాలీ వంక చూసింది.

"ఇదేంటండీ సన్యాసిరావుగారూ?"

"రుజువులమ్మా. ఇటుపక్క ఒరిజినల్స్, అటుపక్క జిరాక్సులు."

నోరు మూసుకున్న సింహాద్రమ్మ గడ్డం ఎత్తి పుట్టుమచ్చ చూపించింది.

"నేనడిగింది కాగితాలయ్యా. బ్యాంకువాళ్ళ కాగితం లేదా? సాయంత్రంతో గడువు ఆఖరు."

"ఉందమ్మా. రేకులు గీరుకుపోకుండా మధ్యలో వేశాం."

"బీమా రసీదు?"

"అమ్మ విసురుకుంటోంది."

"గోశాల రసీదు?"

"ఆవు మెడకి కట్టాం. ఎవరి ఆవని దార్లో ఎవరైనా అడిగితే చూపించడానికి."

వసుంధరగారు గబగబా మూడు కాగితాలూ తీసుకుని పైకి పరుగెత్తింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. రిటర్ను తయారైంది. "ఇప్పుడు మీ ఫోనుకి అంకెలొస్తాయి. అవి ఎవరికీ చెప్పకూడదు" అంది. వచ్చాయి.

"ఏవీ, చెప్పండి."

"చెప్పనమ్మా."

"నేనయ్యా అడుగుతున్నది."

"ఎవరికీ అన్నారు కదమ్మా. మీరు మాత్రం ఎవరో ఒకరు కారా?"

గడియారం పరుగెడుతోంది. ఆవిడ తల పట్టుకుని, "నిజమే, మంచి పని చేశారు. మీరే టైపు చేయండి" అని కుర్చీ ఇచ్చింది. సన్యాసిరావు ఫోను వంక చూడడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"మళ్ళీ ఏమైందండీ?"

"ఎవరికీ అంటే నాక్కూడా తెలీకూడదు కదమ్మా."

ఆవిడ బతిమాలి, బామాలి, ఎవరి ఫోను వాళ్ళు చూసుకోవచ్చని ఒట్టేసి చెబితే ఒక కన్ను తెరిచాడు. ఆ ఒంటికన్నుతోనే అంకెలు వేశాడు. రిటర్ను వెళ్ళిపోయింది.

వసుంధరగారు ఊపిరి పీల్చుకుని చివరగా చెప్పింది: "మీ రుజువులన్నీ ఆరేళ్ళు భద్రంగా దాచండి. తడవకూడదు. పైవాళ్ళు ఎప్పుడైనా అడగొచ్చు."

ఇంకేముంది. ఆ మాట గుండెల్లో రాసుకుని ఇంటికొచ్చారు. అప్పలస్వామి రేకులు తిరిగి కప్పు మీద వేయబోతే సన్యాసిరావు చెయ్యి పట్టుకున్నాడు. "తడవకూడదన్నారు కదా. కప్పు మీద పెడితే తడవవూ?" అన్నాడు. నిజమే కదా అనుకుని ఇద్దరూ రేకుల్ని నట్టింట్లో గోడకి ఆనించి, మీద దుప్పటి కప్పారు. ఆవుల్ని ఎవరివి వాళ్ళు తోలుకుపోతుంటే, రుజువులు పోతున్నాయని అప్పలస్వామి పొలిమేర దాకా వెంటపడ్డాడు.

కొన్నాళ్ళకి డబ్బు వచ్చింది. సన్యాసిరావు అదే రోజు మెరిసిపోతున్న కొత్త రేకులు కొన్నాడు. పెరట్లో స్తంభాలు పాతి, వాటి మీద కొత్త రేకులు వేయించాడు. వాటి కింద పాత రేకులు రెండూ జాగ్రత్తగా పెట్టాడు. తర్వాత తల్లి మంచం మోసుకొచ్చి వేశాడు. ఆవిడా రుజువే కదా. పక్కన సింహాద్రమ్మకి ఇంకో మంచం. "ఆరేళ్ళూ ఇలాగే ఉండండి, ఏమీ మారకండి" అని ఇద్దరికీ దణ్ణం పెట్టాడు.

ఆ రాత్రే కుండపోత. అక్కాచెల్లెళ్ళు చుక్క తడవకుండా వెచ్చగా పడుకుని ఇంటి వైపు చూశారు. లోపల కొడుకులూ కోడలూ మోకాళ్ళ దాకా నీళ్ళలో, నెత్తిన తలొక గిన్నె బోర్లించుకుని నిలబడ్డారు.

నూకాలమ్మకి ప్రాణం ఒప్పలేదు. "ఒరే సన్యాసీ, ఇక్కడ బోలెడు చోటుంది. వచ్చి పడుకోండర్రా" అని పిలిచింది.

"ఎలాగమ్మా?" అన్నాడు సన్యాసిరావు, గిన్నె సర్దుకుంటూ. "మేం రుజువులం కాదు కదా."

అదీ కథ. రేపు మీరు ఏ ఊళ్ళో ఉన్నా, మీ పిల్లల్ని కూర్చోబెట్టి ఇది చెప్పండి. నేను చెప్పింది చెప్పినట్టే చెప్పమని అందామనుకున్నాను. వద్దులెండి. కాస్త అటూ ఇటూ మార్చే చెప్పండి, లేకపోతే మిమ్మల్ని కూడా ఆ ఇంటివాళ్ళే అనుకుంటారు.