బడి దూలాలకు పట్టిన చెదలు

ఏ రాజ్యమో అడక్కండి, ఏలినవారు నొచ్చుకుంటారు. అక్కడ బడి పాతబడి కురుస్తోందని, విప్పి కొత్తది కట్టమన్నాడు రాజు. మట్టిగోడలు పెట్టడంలో ఆరితేరిన నూకాలు పాత గోడల మట్టినే నానబెట్టి, తొక్కి, ఎండాకాలంలోనూ చల్లగా ఉండే మందపాటి గోడలు లేపింది. ఇక పాత దూలాలు ఎత్తి తాటాకు కప్పితే, వానలకు ముందే పిల్లలు లోపల కూర్చుంటారు.

గోడలు చూడ్డానికి రాజు వచ్చాడు. వెనకే దివాను కోదండపాణి, ఆయన వెనక నాలుగు ఖాళీ బళ్ళు. దివానుగారు మేడ మీద మేడ కడుతున్నారని ఊరందరికీ తెలుసు, రాజుకు తప్ప.

"ఈ దూలాలన్నీ చెదలే ప్రభూ! పసివాళ్ళ నెత్తిన పడితే? మా పెరట్లో పారేయిస్తాను," అన్నాడు దివాను జాలిగా.

నూకాలు ఒక దూలాన్ని వేలితో కొట్టింది. ఖంగుమంది. అలాగని దివాను మాట అబద్ధమంటే వీపు చిట్లుతుంది.

"నిజమే బాబూ! ఈ చెదలు తమరి మేడకెక్కితే ఇంకేమన్నా ఉందా? ఇక్కడే తగలేస్తాను," అంటూ కూలీల గంజి పొయ్యిలోంచి కొరివి లాగి దూలాల దగ్గరికి నడిచింది.

"ఆగవే! నూరేళ్ళ టేకు! ఒక్క పుచ్చు లేదు!" దివాను గావుకేక పెట్టాడు.

రాజు మెల్లగా ఆయనవైపు తిరిగాడు.

నూకాలు కొరివిని బురదలో ముంచి చేతులు కట్టుకుంది. "దివానుగారి కేకకు చెదలన్నీ పారిపోయాయి ప్రభూ. దూలాలు ఎత్తించమంటారా?"

"ఎత్తించు," అన్నాడు రాజు. "ఒక కొస దివానుగారు పట్టుకుంటారు."