మెలిక అంచు

మౌలాలికి కొత్త అంచు తోచి ఏళ్లయింది. మగ్గం ముందు పొద్దంతా కూచున్నా చేతికి పాత పువ్వే వస్తోంది. సంతలో షావుకార్లు అతన్ని చూసీ చూడనట్టు పోతున్నారు. ఇలాగే సాగితే మగ్గం విప్పి పొయ్యిలో పెట్టుకోవడమే.

ఒకప్పుడు జంఖానా తివాచీలు నేసే వీధిలో అతనిదే పైచేయి. అతను నేసిన మెలిక అంచు కోసం షావుకార్లు ఎగబడేవారు. నెల తిరక్కుండానే అదే అంచు పక్కింటి హుసేనప్ప మగ్గం మీద కనబడింది. మౌలాలికి ఒళ్లు మండిపోయింది. మాటమాత్రమైనా చెప్పకుండా మూటాముల్లె సర్దుకుని గుట్ట అవతలికి పోయాడు. చుట్టూ ఎత్తు గోడ లేపుకున్నాడు. ఇంటి ఆనవాలు పురుగుక్కూడా తెలియనివ్వలేదు.

ఇంతా చేస్తే, వీధిలోని ఆ దొంగలు ఏటా కొత్త నమూనా పుట్టిస్తూనే ఉన్నారు. అదే అతనికి మింగుడుపడలేదు.

చివరికి తన దగ్గర మిగిలిన ఆ మెలిక అంచు పాత జంఖానా భుజానేసుకుని, వీధి మొహం చూడకుండా వెనకదారిన దర్గాకు వెళ్లాడు. చిన్నప్పటి నుంచీ అతనికి గురువు అక్కడి మస్తాన్ షా బాబాయే.

"బాబా, నాకు మళ్ల కొత్త అంచు తోచాలె. వాళ్ల చేతులు పడిపోవాలె. తాయెత్తు కట్టున్రి."

బాబా జంఖానాను నేల మీద పరిచాడు. "ముందుగాల నీదేదో తేల్చు బిడ్డా. పక్కోళ్ల దగ్గర నేర్చింది విప్పి అవతల పెట్టు. మిగిలినదానికి కడ్త."

ఇదెంత పని అనుకున్నాడు మౌలాలి. పోగులు లాగడం మొదలుపెట్టాడు.

ఎరుపు కలపడం రంగులద్దే లచ్చమ్మ చెప్పింది. ఊరికే చెప్పింది, అదీ ఒక లెక్కేనా అనుకున్నాడు. కానీ బాబా చూస్తున్నాడు. తీసి అవతల పెట్టాడు. పోగు జంట చేయడం ఎదురింటి ముసలాయన అరుగు మీద చూసిందే. అదీ పోయింది. జంఖానా సగం ఉట్టి పడుగు దారాలై తేలింది.

మెలిక దగ్గర వేళ్లు ఆగిపోయాయి.

ఒకనాడు హుసేనప్ప కబుర్లలో పడి పోగు తప్పాడు, అంచు వంకరపోయింది. మధ్యగోడ మీంచి చూసి మౌలాలి పడీపడీ నవ్వాడు. మర్నాడు తన మగ్గం మీద ఆ వంకరనే మెలికగా వరుసపెట్టి నేశాడు.

"ఎందుకాగినవ్?"

"ఇది హుసేనప్ప తప్పు, బాబా." సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. "ఎట్లున్నడు బాబా, హుసేనప్ప?"

బాబా ఊడిన పోగులను ఒక పక్కకు జరిపాడు.

"పోయినేడు మట్టి జేసినం. నీకు కబురు పెడ్దామంటే నీ ఇల్లేడుందో ఎవ్వరికీ ఎరుకలేకపాయె."