ఖంగుమన్న కుండలు

ఆవంలో కాల్చి తీసిన కుండల్ని దస్తగిరి వేలి కణుపుతో కొట్టి చూశాడు. కంచుపళ్లెంలా ఖంగుమన్నాయి. ఇంకేముంది, వాడి కాళ్లు నేలమీద నిలవలేదు.

"అమ్మా, విన్నావా? నీ చేతి కుండైనా ఇలా మోగిందా ఎప్పుడైనా?"

దర్గా అరుగు మీద మస్తానమ్మ ఉంది. వాడికి ధ్యానమూ కుమ్మరిపనీ రెండూ నేర్పుతున్న గురువు ఆవిడే.

అవి నీళ్లు నిలవుంచే కుండలు కావు, వడగట్టే కుండలు. మట్టిలో ఊక కలిపి చేస్తారు. ఆవంలో ఊక కాలిపోయి, కంటికి ఆనని సందులు మిగులుతాయి. బురదనీళ్లు పోస్తే వాటిగుండా తేటనీరు దిగుతుంది. ఉరుసు దగ్గరపడింది. వాగు చూస్తే ఎర్రగా పారుతోంది. పోయినేటి ఉరుసులో ఆ నీళ్లు తాగిన పసివాళ్లు వాంతులతో పడిపోయిన సంగతి ఎవరూ మరచిపోలేదు.

మస్తానమ్మ ఒక కుండలో వాగునీళ్లు పోసి, కింద గిన్నె పెట్టింది.

"దాహమైతే ఈ గిన్నెలోవే తాగు. వేరే నీళ్లు ముట్టకు."

"ఓస్, ఇంతేనా!"

ఎండెక్కింది. గిన్నె తడవలేదు. వాడు కుండ చుట్టూ తిరిగాడు, అడుగు తడిమాడు. నాలుక పిడచకట్టుకుపోయింది. కుండకి చెమ్మైనా లేదు, చెమటంతా వాడికే.

"పగలగొట్టి చూడనా అమ్మా?"

"నీ కుండ, నీ ఇష్టం."

పగలగొట్టాడు. పెంకు గాజులా నున్నగా ఉంది. సందన్నదే లేదు.

"గట్టిగా రావాలని మంట పెంచుతూ పోయానమ్మా. మట్టి మెత్తబడి సందులన్నీ మింగేసింది."

"మోగింది కదరా మరి!" అంటూ నీళ్లచెంబు అందించింది.

మిగిలిన పచ్చికుండల్ని మళ్లీ పేర్చాడు. ఇంకో కట్టె తోయబోయి, చెయ్యి తనే వెనక్కి లాక్కున్నాడు. ఆవం చల్లారాక కుండ తీసి, అలవాటుకొద్దీ కొట్టాడు. దబ్బుమంది. వాడి ప్రాణం ఉసూరుమంది. సరిగా కాలక నీళ్లకి కరిగిపోతుందేమో అనుకుంటూనే నీళ్లు పోశాడు.

కుండ కరగలేదు. మెల్లగా చెమర్చింది. అడుగున ఒక చుక్క వేలాడింది, ఊగింది, టప్పున రాలింది! దాని వెనకే ఇంకోటి!

"అమ్మా! దిగుతున్నాయి! రండర్రా, చూడండి!"

ఉరుసు వంటకి గాడిపొయ్యి తవ్వుతున్న ఆడవాళ్లంతా పలుగులు పడేసి పరిగెత్తుకొచ్చారు. గిన్నెలో నీళ్లు తేటగా మెరుస్తున్నాయి. ఒకటే కేకలు, ఒకటే నవ్వులు.

దస్తగిరి ఛాతీ విరిచాడు. "మంట ఎక్కడ ఆపాలో ఈ చుట్టుపక్కల నాకు తప్ప ఎవడికి తెలుసు?"

మస్తానమ్మ దగ్గరికొచ్చింది. వాడి నెత్తిమీద వేలి కణుపుతో ఒక్కటి కొట్టి, చెవి ఆనించి విన్నది.

"ఇంకా మోగుతోందిరా" అంది.