గవర్రాజు చేతులకు నీళ్ళు

కొత్తలంక ఆశ్రమంలో పూర్ణబోధ స్వామి నెలకోసారి, పున్నమి ఉదయాన, నూతి పక్కన పీట మీద కూర్చుని తల గొరిగించుకుంటారు. కత్తి తల మీద ఉన్నంతసేపూ నోరు విప్పరు. అందుకని సందేహాలున్నవాళ్ళు ఆ పూట అటు వెళ్ళరు. పట్టాభిరామయ్య మాత్రం ఏరికోరి ఆ పూటే వెళ్ళాడు. సహకార బ్యాంకు మేనేజరుగా ముప్ఫై ఏళ్ళు ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో ఆపిన మనిషి. తనను ఎవరూ ఆపలేని చోటు ఇన్నాళ్ళకు దొరికింది.

కండువా ముక్కు కింద నుంచి గడ్డం దాకా చుట్టుకొచ్చి, జలుబన్నాడు. అది జలుబు కాదని ఊరందరికీ తెలుసు. బస్సు కండక్టరు ఒక్కరికే చెప్పాడు. ఆ ఒక్కరూ కిళ్ళీకొట్టు యజమాని.

"ఒక ధర్మసందేహం స్వామీ! సెలూన్లో గోడ మీద ధర రాసి ఉంటుంది. ఆ ధర ఇస్తాను. ఇచ్చాక లేచి వెళ్ళిపోవాలి కదా? కాళ్ళు కదలవు. దులిపిన కాలరే మళ్ళీ దులుపుతారు. వెనక అద్దం పట్టుకుని నా మెడ నాకు చూపిస్తారు. నా మెడ చూసుకుని నేనేం చేసుకోను? పైన ఓ ఇరవై ఇచ్చేదాకా ఆ చూపు వదలదు. ఏమిటి స్వామీ ఈ ఇరవై? దానమా? దక్షిణా? లంచమా? దానమైతే ఎదురుచూడకూడదు. దక్షిణైతే గోడ మీద ధర ఎందుకు? లంచమైతే పని అయిపోయాక ఎవడిస్తాడు?"

స్వామి తల గవర్రాజు చేతిలో ఉంది. అది మెల్లగా ఎడమకు తిరిగింది.

"వీళ్ళకి అలవాటు చేసింది మనవాళ్ళే. ఆ రేషను డీలరు ఇరవై చేతిలో పెట్టి 'ఉంచవోయ్' అంటాడు. వాడి తరవాత ఆ కుర్చీలో కూర్చోవలసినవాణ్ణి నేను!"

ఆ కుర్చీ గవర్రాజుదే. పదకొండేళ్ళుగా పట్టాభిరామయ్య జుట్టు కత్తిరిస్తున్నదీ గవర్రాజే. వీళ్ళు, వీళ్ళు అంటున్నది కూడా అతన్నే, మూరెడు దూరంలో నిలబడి. గవర్రాజు కత్తి ఆగలేదు. స్వామి కళ్ళు మాత్రం ఓసారి గట్టిగా మూసుకుని తెరుచుకున్నాయి.

నిజానికి గవర్రాజు ఎన్నడూ పైన ఇమ్మని అడిగింది లేదు. మెడకు కట్టిన గుడ్డ విప్పి మడత పెట్టేవాడు, అంతే. ఆ మడత పెట్టడంలోనే పట్టాభిరామయ్యకు ఏదో వినిపించేది. పోయిన వారం ఇక భరించలేక టౌనులో ఏసీ సెలూనుకు వెళ్ళాడు. అక్కడ అద్దం ముందు నవ్వుమొహం బొమ్మతో ఒక డబ్బా, దాని మీద 'టిప్స్' అని రాసి ఉంది. అది చూసిన కోపంలో తల విదిలించాడు. కత్తెరకు ఎడమ మీసం సగం ఎగిరిపోయింది. కంగారులో చెవి వెనక పులిపిరి కూడా తెగింది. అక్కడొక పులిపిరి ఉందన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది.

శుక్రవారం షష్టిపూర్తి. పట్టుబట్టలు, మూడు వందల మంది బంధువులు, ఫొటోలవాడు, అన్నీ సిద్ధం. మీసం ఒక్కటే సిద్ధంగా లేదు. దాన్ని సరిచెయ్యగల చెయ్యి ఊళ్ళో ఒక్కటే. ఆ చేతి దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియకే ఈ ధర్మసందేహం పుట్టింది.

"అయిందండి స్వామీ," అన్నాడు గవర్రాజు.

అక్కడొక ఆనవాయితీ ఉంది. స్వామి డబ్బు ముట్టరు. క్షౌరం అయ్యాక తానే నూతిలోంచి నీళ్ళు తోడి గవర్రాజు చేతులకు పోస్తారు. దీనికి ఊళ్ళో తలా ఒక అర్థం చెప్పారు. మడి అన్నారు కొందరు. దీనికో శ్లోకం ఉందన్నాడు పురోహితుడు, ఇంకా వెతుకుతున్నాడు. ఖర్చు లేని పద్ధతి అని పట్టాభిరామయ్య మెచ్చుకున్నాడు.

ఈసారి స్వామి చేద ముట్టలేదు. పీట చూపించి, "కూర్చో" అన్నారు.

"నేనా స్వామీ?"

"కండువా తీసి."

గవర్రాజు నవ్వుతాడనుకున్నాడు పట్టాభిరామయ్య. నవ్వలేదు. వేరే డాక్టరు రాసిన చీటీ చదివే డాక్టరులా ఆ మీసాన్ని రెండువైపులా చూశాడు.

"చెవి వెనక... అక్కడ పులిపిరి ఒకటి..."

"తెలుసండి మేనేజరు గారూ. పదకొండేళ్ళుగా దాన్ని తప్పించుకునే తిరుగుతున్నాను."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మీకెందుకండీ? అది నేను చూసుకునే పని కదా."

పది నిమిషాల్లో కుడి మీసం ఎడమదానికి తోడు వచ్చింది. మనిషి కాస్త చిన్నవాడిలా కూడా కనిపించాడు. పట్టాభిరామయ్య రొంటిలోంచి వంద నోటు తీశాడు. అంతలో స్వామి చెంబు అందించి, "ముందు నీళ్ళు" అన్నారు.

చేదడానికి రెండు చేతులూ కావాలి. నోటు మళ్ళీ రొంటిన దోపుకుంటే ఇవ్వబోయి మానుకున్నట్టుంటుందని పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఆ విధంగా ఆశ్రమంలో కాసేపు నిశ్శబ్దం దొరికింది. నీళ్ళు తోడాడు, పోశాడు. పోస్తుంటే గవర్రాజు ఎడమ ముంజేతి మీద అరచేతి మందాన వెంట్రుక లేని చోటు కనిపించింది. దాని మీద సన్నటి గీతలు. నోటు చేతిలోకి తీసుకున్నాడు.

"చేతికిదేమిటోయ్?"

"పదును చూసుకుంటానండి. ముందు నా మీద."

"ఎప్పుడూనా?"

"ప్రతి తలకీ అండి."

చెంబు ఖాళీ అయింది. అయినా కాసేపు వంచే ఉంచాడు పట్టాభిరామయ్య. తరవాత, ఎవరూ చెప్పకుండానే, ఇంకో చెంబుడు తోడి పోశాడు. ఈసారి మోచేతుల దాకా పోశాడు. మనిషి మారిపోయాడని ఎవరైనా అనుకునేవారే. అంతలో పంటి గాట్లు పడిన నోటు సాపు చేసుకుంటూ స్వామి వైపు తిరిగాడు.

"ఇంతకీ స్వామీ, ఇది ఇవ్వచ్చా, ఇవ్వకూడదా? ఇస్తే ఇతను ఏమనుకుంటాడు?"

స్వామి నున్నటి తలను నుదుటి నుంచి మెడ దాకా ఓసారి తడుముకున్నారు. తడిగుడ్డ భుజాన వేసుకుని స్నానానికి లేచారు.

"పట్టాభీ, ఇందాకటి నుంచీ గవర్రాజు ఇక్కడే ఉన్నాడు."